డాక్ ఎంత ఎత్తుండాలి

అక్టోబరు 14, మంగళవారం. హాజరు: రేవు మేనేజరు, పీతల పడవ నడిపే పెద్దావిడ, కాంట్రాక్టరు, మా డిజైన్ టీమ్‌లోని తెలుగమ్మాయి, నేను. వాన.

వాషింగ్టన్ తీరంలో ఒక నేటివ్ అమెరికన్ తెగవారి చేపల రేవు అది. గీసేవాళ్లు, కట్టేవాళ్లు, వాడేవాళ్లు మొదటి రోజు నుంచీ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలన్నది తెగ షరతు. రిటైరైన ఇంజనీరునని నన్ను సలహాదారుగా పిలిచారు. సలహా ఇంకా ఎవరూ అడగలేదు.

ఆనాటి విషయం తేలే డాక్ ఎత్తు. ఎత్తుగా ఉంటే సీ లయన్లు, అంటే సీల్ జాతి భారీ సముద్ర జంతువులు, ఎక్కలేవు. కానీ మోకాలికి ఆపరేషనైన పెద్దావిడా పడవలోంచి పైకెక్కలేదు. పడవలో ఆవిడ ఒక్కతే వెళ్తుంది.

"ఎత్తుగా కడితే నా పడవ అమ్ముకోవాల్సిందే" అంది.

"ఆంటీ, పోయినేడు అవి ఎక్కి డాక్‌ని ముంచేశాయి" అన్నాడు మేనేజరు.

"ముంచిన డాక్ మీద నువ్వూ ఉన్నావు. తప్పంతా వాటిదేనా?"

మా టీమ్ అమ్మాయి నా వైపు వంగి తెలుగులో అంది: "అంకుల్, సీ లయన్ లోడ్ వేసి మోడల్ రన్ చేశా. తక్కువ ఎత్తుదైతే టిల్ట్ అవుతోంది."

"ఆవిడ లోడ్?"

"అది నెగ్లిజిబుల్ అంకుల్."

"ఏమంటోంది?" అడిగింది పెద్దావిడ.

"మీ బరువు లెక్కలోకి రాదంటోంది."

"మంచి పిల్ల" అంది పెద్దావిడ.

కాంట్రాక్టరు తన యార్డులో ఎత్తు తక్కువ డాక్ ముక్క ఒకటుందన్నాడు. సీ లయన్లు ఎక్కకుండా అంచుల వెంట పైపులు బిగించి, ఆవిడ దిగే చోట చిన్న గేటు పెడదామన్నాడు.

"రేపు పొద్దున దాని మీద సీ లయన్ కనిపిస్తే ఎత్తుదే కడతాం" అన్నాడు మేనేజరు.

"సరే" అంది పెద్దావిడ.

సాయంత్రానికి డాక్ ముక్క నీళ్లలో ఉంది. ఆవిడ తన పడవ తెచ్చి దాని పక్కనే కట్టేసింది.

మర్నాడు పొద్దున వానలోనే అందరం వెళ్లాం. డాక్ ఖాళీగా ఉంది. సీ లయన్ ఆవిడ పడవలో పడుకుని ఉంది.

మేనేజరు పడవ వైపు చెయ్యి చూపించాడు. "ఆంటీ..."

"డాక్ మీద లేదుగా."

చీపురు పుచ్చుకుని దాన్ని నీళ్లలోకి తోలింది. గేటు తీసి పడవలోకి దిగింది. పడవ తుడిచి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా మళ్లీ డాక్ మీదికి వచ్చి గేటు వేసింది.

"ఇదే ఎత్తు గీసుకోండి" అంది.

మా టీమ్ అమ్మాయి కారు బానెట్ మీద లాప్‌టాప్ తెరిచింది. నేను గొడుగు పట్టాను.