మొదటి పేజీ చూడమనే మేష్టారు

లైబ్రరీ మేష్టారు పోయారని కుళాయి దగ్గర తెలిసింది. పక్కింటి వదిన బిందె కింద పెట్టి, "ఓలమ్మా, మేష్టారు తెల్లారగట్ల పోనారంట" అంది. నేను "అవునా" అన్నాను. అంతే అన్నాను. నా బిందె నిండేదాకా నిలబడ్డాను. నిండాక చుట్టకుదురు సర్దుకుని, బిందె నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చి మా పాపకి చెప్పాను. అది "ఎప్పుడు?" అని అడిగి పళ్ళు తోముకోడానికి వెళ్ళిపోయింది. ఇద్దరిలో ఒక్కరికీ ఏడుపు రాలేదు. మీరు మమ్మల్ని రాతిమనుషులనుకున్నా నేనేం చెయ్యలేను.

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో మనిషి పోవడం కొత్త కాదు. డయాలసిస్‌కి వెళ్ళొచ్చే మనిషి ఏదో ఒకరోజు ఇక వెళ్ళడని ఇంట్లోవాళ్ళకీ తెలుసు, వీధిలోవాళ్ళకీ తెలుసు. విని విని మా చెవులు కాయలు కాసిపోయాయి. లైబ్రరీకి వచ్చే నలుగురూ కలిసి ఆయన గురించి చిన్న పుస్తకం వేస్తారట. "మీ పిల్లకే కదా ఎక్కువ చేశారు, నువ్వూ రాయి" అన్నారు. పదో తరగతితో ఆగిపోయినదాన్ని. వచ్చినట్టు రాస్తున్నాను.

మా ఊరి లైబ్రరీలో పేపరు చదివే పెద్దలకంటే హోంవర్కు పిల్లలే ఎక్కువ. అది ఆయన చలవే. తన సొంత ఫోను పిల్లల బల్ల మీద పెట్టేసేవారు. లెక్కల వీడియోలు, పాత ప్రశ్నపత్రాలు, తెలుగులో ఉన్న విజ్ఞాన సర్వస్వం, ఇంగ్లీషు మాట కొడితే అర్థం చెప్పే డిక్షనరీ, ఏది ఎక్కడ దొరుకుతుందో అన్నీ వెతికి ఉంచేవారు. ఎవడైనా ప్రాజెక్టు వర్కు అని వచ్చి పేజీకి పేజీ దించేసుకోబోతే మాత్రం ఫోను బోర్లా పెట్టేసేవారు.

"ఇప్పుడు నాకు సెప్పు. నాకేటీ తెల్దనుకో."

వాడు బుర్ర గోక్కుంటూ ఏదో చెప్పేవాడు.

"అదీ! నువ్వు సెప్పినట్టే రాయి" అని, తుండుగుడ్డ కొసతో ఫోను తుడిచి పక్క పిల్లకి ఇచ్చేవారు.

నాకు అదంతా చిరాగ్గా ఉండేది. ఫోను చేతికిస్తే పిల్లలు చెడిపోతారని నా గోల. ఒకసారి మొహం మీదే అనేశాను. ఆయన కోప్పడలేదు. "నేను ఫోనిచ్చి పక్కన కూకుంటన్నానమ్మా. మీ ఇళ్ళల్లో ఫోనిచ్చి ఎవరు కూకుంటన్నారు?" అన్నారు.

మా పాప పదిలోకొచ్చిన ఏడాది తుఫాను వచ్చింది. మా బతుకంతా ఆ కాస్త జీడితోట, నాలుగు కొబ్బరిచెట్లు. తెల్లారేసరికి అన్నీ నేల మీదున్నాయి. పైకప్పు రేకులు లేచిపోయి పాప పుస్తకాలు తడిసి ముద్దయ్యాయి. ఎండబెడితే పేజీలు విడిపోకుండా అంటుకుపోయాయి. మా ఆయన హైదరాబాదులో అపార్ట్‌మెంట్లు కట్టే మేస్త్రీతో మాటాడుకొచ్చాడు. ముగ్గురం వెళ్ళాలి. ఈడొచ్చిన పిల్లని ఎవరి దగ్గర వదుల్తాం?

మూటలు కడుతుంటే మేష్టారు వచ్చారు.

"పిల్ల సదువో?"

"తోట మళ్ళీ కాపుకొచ్చీసరికి ఎన్నేళ్ళవుద్దో మేష్టారూ. ఇంక సదువేటి?" అన్నాడు మా ఆయన.

పాప లోపలికి వెళ్ళిపోయింది. ఇటుకలు మొయ్యడానికి వెళ్ళిన పిల్ల మళ్ళీ బడి గుమ్మం తొక్కదు. మా చెల్లెలు అలాగే ఆగిపోయింది. ఇప్పుడు దీని వంతు వచ్చిందనుకున్నాను. నోరు తెరిచి అడ్డం చెప్పడానికి నాకు మాత్రం ఏం దారుంది?

"పేరు బళ్ళో ఉండనీ. హెడ్మాస్టరు గారితో నేను మాటాడతాను. పిల్ల ఎక్కడుంటే అక్కడికి పాఠం పంపిస్తాను. పరీక్షలకి మాత్రం తెచ్చీయండి."

మా ఆయన నవ్వాడు. "పాఠం ఏటైనా పార్సిలా, పంపీడానికి?"

"పార్సిలే. ఫోన్లో వస్తాది" అన్నారాయన.

అక్కడ మాది రేకుల షెడ్డు. పొద్దంతా పాప నా పక్కనే ఇసక జల్లించేది. పని దిగాక మా ఆయన ఫోను దానిది. మేష్టారు ముందు ఫోను చేసి "పంపుతన్నాను, సూసుకో" అనేవారు. పంపాక మళ్ళీ చేసి "వచ్చినాదేటి?" అనేవారు. నెట్టు అయిపోయినా చదువుకోవచ్చని పుస్తకాలన్నీ ఫోన్లో దింపించారు. చదివింది ఒప్పజెప్పించుకునేవారు. డయాలసిస్ మంచం మీద ఉన్నరోజు కూడా వదల్లేదు. వెనకాల మిషన్లు కూతపెట్టేవి.

"ఏటా సప్పుడు మేష్టారూ?"

"నీకెందుకే? నువ్వు సెప్పు."

ఒకరోజు పాప సోషల్లో ఏదో డౌటు అడిగింది. ఆయన ఊళ్ళో పిల్లాడి పుస్తకం తెప్పించి చూశారు. ఆ పాఠం అందులో లేదు.

"అమ్మలూ, నీ ఫోన్లో పుస్తకం మొదటి పేజీ తియ్యి. ఏ ప్రభుత్వం అని ఉన్నాది?"

పాప చదివి చెప్పింది. అది మన రాష్ట్రం పేరు కాదు.

రాష్ట్రం రెండయ్యాక పుస్తకాలూ వేరయ్యాయి. పదో తరగతి, తెలుగు మీడియం అని వెతికితే ముందొచ్చిన సోషల్ పుస్తకం ఆయన పంపేశారు. అదీ తెలుగే, అట్ట మీదా పదో తరగతనే ఉంది. అనుమానం ఎలా వస్తుంది? బళ్ళో అయిపోయిన పాఠాలు వదిలేసి మిగతావి చదువుకుంది కాబట్టి పాపకీ తెలియలేదు. ఇన్నాళ్ళూ కూర్చుని చదివిందంతా అవతలివాళ్ళ పరీక్షకి!

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోను లాక్కున్నాను. "ఏటి మేష్టారూ ఇది? పిల్ల సిమెంటు సేతుల్తోటి సదివినాదండీ!"

"నాదే తప్పమ్మా. మొదటి పేజీ సూడనేదు" అన్నారు. సాకులేం చెప్పలేదు. హైస్కూలు సోషల్ టీచరుగారి దగ్గరికి వెళ్ళి, అచ్చు పుస్తకం పక్కన పెట్టుకుని పేజీ పేజీ సరిచూసుకుని, ఈసారి సరైనది పంపారు. పాప కూడా మళ్ళీ మొదలెట్టింది.

అక్కణ్ణుంచి ఆయన నోట ఒకటే పాట. "మొదటి పేజీ సూసినావా? ఎవరు రాసినారు, ఏ ఏడు రాసినారు, ఎవరి కోసం రాసినారు?" పిల్లల్నే కాదు, అందర్నీ అడిగేవారు. ఏదో వేరు కషాయం తాగితే కిడ్నీలు బాగవుతాయని నాకో మెసేజీ వస్తే ఆశపడి ఆయనకి పంపాను. "దీనికి మొదటి పేజీ ఏదమ్మా?" అని జవాబిచ్చారు. నవ్వొచ్చింది. తర్వాత, నా మాట నమ్మి తాగేసి ఉంటే ఏమయ్యేదో అని భయమేసింది.

పరీక్షలకి నేనూ పాపా వచ్చేశాం. సెంటరు ఎదురుగా టీ బడ్డీ దగ్గర కుర్చీ వేయించుకుని ఆయన కూర్చునేవారు. కాళ్ళు పొంగి చెప్పులు పట్టేవి కావు. సోషల్ రాసొచ్చిన పాప "అన్నీ మన పుస్తకంలోవే ఇచ్చారు మేష్టారూ" అంది. ఆయన టీ బడ్డీ అతని వైపు తిరిగి "ఇన్నావా?" అన్నారు. పాపం అతనికేం తెలుసు! తలూపి టీ ఇచ్చాడు.

ఆయన పోయినరోజు వెళ్ళాం. అరుగు మీద పడుకోబెట్టారు. పాప కాళ్ళకి దణ్ణం పెట్టి పక్కకి నిలబడింది. మేష్టారి భార్య నా చెయ్యి పట్టుకుని, "పిల్లకి రిజల్ట్సెప్పుడమ్మా?" అని అడిగింది. ఇంట్లో శవాన్ని పెట్టుకుని అడిగే మాటా అది? తెలీదన్నాను. ఇంటికొచ్చి స్నానం చేసి వంట చేశాను. తిన్నాం. తర్వాత రోజులు కూడా అలాగే గడిచాయి. ఏం వండానో, ఏం తిన్నానో అడిగితే చెప్పలేను.

మొన్న రిజల్ట్స్ వచ్చాయి. పాప గోడ నీడలో కూర్చుని హాల్‌టికెట్ నంబరు కొట్టింది. సైటు ఎంతకీ తెరుచుకోలేదు. నేను లోపల పులుసు పెడుతున్నాను. కాసేపటికి అది వచ్చి ఫోను నా ముందు పెట్టింది. దాని పేరు చూశాను. తండ్రి పేరు దగ్గర మా ఆయన పేరు చూశాను. కింద పాస్ అని ఉంది. సోషల్లో మంచి గ్రేడే వచ్చింది.

పులుసు పొంగుతుంటే దించుతూ, "ఒలే, ముందు పోయి మేష్టారికి సెప్పిరాయే" అన్నాను.

"ఆఁ" అని చెప్పులేసుకుని వీధిలోకి పరిగెత్తింది. గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. రెండిళ్ళు దాటాక ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. ముందుకీ వెళ్ళలేదు. ఫోను గుండెకి పట్టుకుని, ఆ ఎండలో, వీధి మధ్యన అలా నిలబడిపోయింది.