పాల వెనక పడ్డ పాలకోవా

పెళ్లింటికి మిఠాయి వెళ్లాల్సిన చోట పాలక్యాన్లు దింపించి, అప్పుడే కలిసిన అన్నదమ్ములను మళ్లీ విడగొట్టబోయిన ఘనుణ్ణి నేను. మీరు నవ్వుకోండి. నాకైతే తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సంతోష్‌నగర్‌లో మా బాపుది పాల దుకాణం. చాంద్రాయణగుట్టలో చిన్నాయనది పాలకోవా దుకాణం. ఎప్పుడో ఏదో మాట పట్టింపు వచ్చి ఏళ్ల తరబడి పలకరించుకోని ఇద్దరూ ఆ మధ్యే కలిశారు. ఆ సంబరంలో ఇద్దరికీ కలిపి ఒకే వెబ్‌సైట్ పెడతానన్నాను. కొత్తగా కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది కదా, చేతులు ఊరుకుంటాయా?

వెబ్‌సైట్ గుమ్మంలో ప్రాక్సీ సర్వర్ అని ఒకటి ఉంటుంది. వచ్చినవాళ్ల అడ్రస్ చూసి ‘పాల’ అంటే బాపు పేజీకి, ‘పాలకోవా’ అంటే చిన్నాయన పేజీకి పంపడం దాని పని. మనం రాసిన రూల్సును అది పైనుంచి చదువుకుంటూ వస్తుంది. అడ్రస్ మొదలు ఏ రూలుతో కలిస్తే అక్కడికి తోలేస్తుంది, మిగతాది చూడదు. ఇదంతా తెలిసి కూడా బాపు రూలే పైన రాశాను. పెద్దవాడు కదా మరి. పెళ్లిపత్రికలో తమ్ముడి పేరు ముందు వేస్తామా?

అలా ‘పాలకోవా’ అని వచ్చిన ప్రతివాడూ ‘పాల’ దగ్గరే ఆగిపోయాడు. రెండు పేజీలూ ఒకే రకంగా చేసిన నా బద్ధకం వల్ల ఎవరికీ అనుమానం రాలేదు. చిన్నాయనకు రావాల్సిన మొదటి పెద్ద పెళ్లి ఆర్డరు కూడా అలాగే బాపు దగ్గరికి పోయింది; ఎంత కావాలో తప్ప ఏం కావాలో అందులో లేదు.

పెళ్లినాడు పొద్దున్నే చిన్నాయన ఫోను. “ఏందిరా గిది? ఫంక్షన్ హాల్ల పాలక్యాన్లు దించిండ్రంట. పిల్ల మేనమామ నా మీద లొల్లి చేస్తుండు. మీ బాపు నా గిరాకీ గుంజుకున్నడా?”

బాపు పక్కనుంచి ఫోన్ లాక్కున్నాడు. “నేనెందుకు గుంజుకుంట తమ్మీ? ఆర్డరొచ్చింది, పంపిన.”

“గట్లెట్లొస్తది నీకు?”

ఇద్దరి గొంతులూ పాత రోజుల్లోకి వెళ్లిపోతున్నాయి. నాకు నిజంగా భయమేసింది. తప్పు నాదేనని ఒప్పుకుని, బాపును బండెక్కించుకుని హాలుకు పరుగెత్తాను. చిన్నాయనా అక్కడికే వచ్చాడు. దింపిన పాలను అక్కడే పొయ్యి మీద పెట్టారు. అన్నదమ్ములు చెరో గరిటె పట్టి కోవా కలుపుతుంటే, నేను కట్టెలు ఎగదోస్తూ సంగతి విప్పి చెప్పాను.

“పూర్తి పేరు సదవకుంటనే పంపుతదా నీ మిషను?” అన్నాడు బాపు.

“సదవది బాపూ. చిన్నాయన పేరు పైకెక్కించి, నీది కిందికి దించితే సరిపోతది.”

బాపు ముఖం మాడిపోయింది. అంతకంటే ముందే చిన్నాయన గరిటె ఆపేశాడు.

“అన్న పేరు మీద నా పేరా? నేనొప్పుకోను.”

“మరెట్ల చిన్నాయనా?” నాకు ఏడుపొక్కటే తక్కువ.

“నాది ఉత్త ‘కోవా’ అని రాయి. అండ్ల పాలు మా అన్నయే గద, మళ్ల ఏరే రాసుడెందుకు?”

బాపు పొగ అంటూ కళ్లు తుడుచుకున్నాడు. ఆయన ఉన్న వైపు పొగే లేదు.

గరిటె పట్టినవాడికి తట్టిన ఉపాయం, కంప్యూటర్ చదివిన నాకెందుకు తట్టలేదో అడగకండి. ఆ పొయ్యి సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ యంత్రానికీ వరసలు నేర్పను, మర్యాదలు అసలే నేర్పను. బాపు అడిగితే మాత్రం, “నీ పేరే పైనుంది” అంటాను.