ఎస్తేరు పని, శ్రీదేవి పాస్‌పోర్టు

ఎస్తేరు ముందు ఊదుతుంది.

ఫొటో తెరమీదికి రాగానే కొంచెం వంగి, పెదవులు దగ్గరికి చేర్చి, ఉఫ్ అంటుంది. చుక్క కదిలితే అది అద్దం మీది దుమ్ము. కదలకపోతే ఫొటోలోని మచ్చ. మచ్చయితే చెరపాలి. మక్తల్ బస్టాండు ఎదుటి స్టూడియోలో పెళ్లి ఆల్బములు చేసే రోజుల్లో పట్టుకున్న అలవాటు. తరువాత అది పనిని దాటి ఎటెటో పోయింది. పుస్తకం తెరిచినా ఊదుతుంది. చల్లారిన అన్నం మీద కూడా ఊదుతుంది. పాస్‌పోర్టు చేతికి వచ్చిన రోజు, తన ఫొటో ఉన్న పేజీ తెరిచి దాని మీదా ఊదింది.

ఆ పేజీలో ఆమె పేరు శ్రీదేవి.

రెండు పేర్లు ఆమె ఒక్కదానికే కాదు. ఆ గల్లీలో ఇంటింటికీ ఉన్నాయి. ప్రార్థనకు ఒక పేరు, సర్కారుకు ఒక పేరు. క్రైస్తవంలోకి మారినవాళ్లకు ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదు. సర్టిఫికెట్ లేకపోతే హాస్టల్ సీటు లేదు, ఉద్యోగంలో వాటా లేదు. మతం మారినా గల్లీ మారలేదు, ఊరు వాళ్లను చూసే చూపు మారలేదు. మారనిదానికి మారనట్టుగానే ఒక పేరు ఉంచుకున్నారు. పిల్లను బడిలో వేసే రోజు తండ్రి దారిలోనే చెప్పేవాడు: సారు అడిగితే గీ పేరు చెప్పాలె. పిల్లలు ఆ పేరును పలక పట్టుకున్నట్టు చేతిలో పట్టుకొని పోయేవాళ్లు. ఇంటికి వచ్చి మూలన పెట్టేవాళ్లు.

తండ్రి ఏసోబు మండలాఫీసులో అటెండరు. అక్కడ ఆయన ఎల్లయ్య. "ఆఫీసుల ఎల్లయ్య, ఇంట్ల ఏసోబు," అని ఆయనే నవ్వేవాడు. "తొవ్వల సైకిల్ మీద ఉన్నోడు ఎవడో నాకే తెల్వదు." తమ్ముడు సాల్మన్ సర్టిఫికెట్లలో సాయిలు. తల్లి మారెమ్మకు ఒకటే పేరు. బాప్తిస్మం రోజు పాస్టరయ్య మరియమ్మ అని మార్చబోతే, "కూలికి పిలిచేటోళ్లకు కొత్త పేరు నేర్పుకుంట తిరగాల్నా నేను?" అందట. అలాగే ఉండిపోయింది.

స్టూడియోలో అందరికీ గాజు గ్లాసులో చాయ్ వచ్చేది, ఎస్తేరుకు కాగితం కప్పులో. యజమాని మంచివాడు. కాగితం కప్పే శుభ్రం కదమ్మా అనేవాడు. అక్కడ పని నేర్చుకొని, పాత లాప్‌టాప్ ఒకటి కొనుక్కొని, ఎస్తేరు ఇంట్లో కూర్చుంది. పై దేశాలవాళ్లు చిన్న చిన్న పనులిచ్చే వెబ్‌సైటు ఒకటి ఉందని తెలిసి అందులో చేరింది. పేరు అడిగింది. దేశం అడిగింది. తండ్రి పేరు అడగలేదు. కులం గడి లేదు. ఆమె కొంతసేపు ఖాళీగా ఉన్న పేరు గడిని చూసింది. ఉఫ్ అని ఊదింది. ఎస్తేరు అని రాసింది.

రాతలో ఎవరో పేరు అడిగి అంతటితో ఊరుకోవడం ఆమెకు అదే మొదలు. నమ్మి ఆ పేరు రాయడమే ఆమె చేసిన తప్పు.

పని దొరికింది. జర్మనీలోని లైప్జిగ్ నగరంలో హెల్గా అనే పెద్దామె పాత సామాను అమ్ముతుంది. చనిపోయినవాళ్ల ఇళ్ల నుంచి వచ్చిన కుర్చీలు, అద్దాలు, అలమారలు. వాటి ఫొటోల్లోంచి వెనకాల ఉన్న గోడను, వైర్లను, ఎవరిదో నీడను తీసేసి, వస్తువును తెల్లటి ఖాళీలో నిలబెట్టాలి. మిగతావాళ్లు నీడ మొత్తం తీసేసేవాళ్లు. ఎస్తేరు మాత్రం వస్తువు కాళ్ల కింద వెంట్రుకంత నీడ ఉంచేది. "నా కుర్చీలను గాలిలో వేలాడదీయనిది నువ్వొక్కదానివే," అని హెల్గా రాసింది. కొన్నేళ్లకు ఇంకో మాట రాసింది. ఇక్కడికి రా. నీలాంటివాళ్లకు వీసా ఉంది. ఎవరి కింద ఉద్యోగం అక్కర్లేదు, నీ పని నువ్వు చేసుకోవచ్చు. నాతోపాటు ఇంకో ఇద్దరు వ్యాపారులు పనిస్తామని లేఖలిస్తారు. దుకాణం మీద గది ఖాళీగా ఉంది.

హైదరాబాదులో కిరాయి గదుల కోసం తిరిగిన రోజులు ఎస్తేరుకు గుర్తున్నాయి. ఒక ఇంటామె ముందు ఎస్తేరు అని చెప్పింది. "ఓ, వాళ్లా మీరు," అని గేటు దగ్గరే మాట ఆపేసింది ఆమె. ఇంకో చోట శ్రీదేవి అని చెప్పింది. "శ్రీదేవి అంటే... ఏమిట్లమ్మా?" అని కులం అడిగింది ఆ ఇంటామె. రెండు పేర్లలో ఏది చెప్పినా గది దొరకలేదు. లైప్జిగ్ చలి గురించి, భాష గురించి ఆమెకు ఏమీ తెలియదు. పేరు తరువాత రెండో ప్రశ్న ఉండని ఊరు అనుకుంది. అంతే ఆమెకు కావలసింది.

వీసా సెంటర్‌లో గాజు కిటికీ వెనకాల ఉన్న అమ్మాయి కాగితాలన్నీ తిప్పింది. బ్యాంకు కాగితాలు శ్రీదేవివి. డిగ్రీ శ్రీదేవిది. పాస్‌పోర్టు శ్రీదేవిది. పని ఇస్తామన్న లేఖలు, పాత ఒప్పందాలు, మెప్పు మాటలు అన్నీ ఎస్తేరువి.

"ఎస్తేరు ఎవరు మేడమ్?"

"నేనే."

"మరి శ్రీదేవి?"

"నేనే."

అమ్మాయి నవ్వింది. చెడ్డ నవ్వు కాదు. "ఇద్దరికీ కలిపి ఒక వీసా ఇవ్వరు మేడమ్."

నోటరీ దగ్గర రాయించుకున్న అఫిడవిట్ చూపించింది ఎస్తేరు. అమ్మాయి దాన్ని కూడా కట్టలో పెట్టి పంపింది. కొన్ని వారాలకు జవాబు వచ్చింది. ఇద్దరూ ఒకరేనని ప్రభుత్వం ఒప్పుకున్న కాగితం కావాలి. అది వస్తే మిగతావన్నీ సరిపోతాయి. గడువు లోపల పంపండి.

లేఖల్లో పేరు మార్చి ఇమ్మని హెల్గాను అడిగింది. హెల్గా తన వకీలును అడిగింది. జవాబు మర్యాదగానే ఉంది. మాకు మీ మీద అనుమానం లేదు. కానీ మా ఒప్పందాలు ఎస్తేరుతో. శ్రీదేవి అనే ఆమె మాకు తెలియదు. మీరే ఆమె అని చూపే కాగితం పంపండి, వెంటనే మార్చి ఇస్తాం.

అటూ ఇటూ ఒకటే కాగితం అడిగారు.

నారాయణపేట కోర్టు దగ్గర వకీలు దారి చెప్పాడు. బాప్తిస్మం సర్టిఫికెట్ పట్టుకొని రావాలి. పేపర్‌లో ప్రకటన వేయాలి. తరువాత గెజిట్‌లో పడుతుంది: ఎల్లయ్య అలియాస్ ఏసోబు కూతురు శ్రీదేవి అలియాస్ ఎస్తేరు. "కష్టమేం లేదమ్మా," అన్నాడు. తరువాత కళ్లద్దాలు తీసి ఆమెను చూశాడు. "మీ ఇంట్ల ఎవలన్న సర్టిఫికెట్ మీద నౌకరి చేస్తున్నరా?"

ఆమె కాగితాలు సంచిలో సర్దుకుంది. ఆయనకు జవాబు అక్కర్లేకపోయింది.

పాస్టరయ్య భార్య వార్డు కౌన్సిలర్. ఎస్సీ మహిళకు కేటాయించిన వార్డు అది. ఎస్తేరు అడిగింది విని పాస్టరయ్య మందిరం కిటికీ తలుపు దగ్గరికి వేశాడు.

"దేవుని దగ్గర నీ పేరున్నది తల్లీ. గది చాలదా?"

"వీసా దేవుడే ఇస్తే చాలు పాస్టరయ్యా."

ఆయనకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. సర్టిఫికెట్ రాసి, ముద్ర వేసి, ఆమె చేతికి ఇచ్చి, "ఎవలు రాసిచ్చిన్రని అడిగితే జర నా పేరు చెప్పకు," అన్నాడు. సర్టిఫికెట్ కింద ఆయన సంతకం ఉంది. ఆ సంగతి ఇద్దరూ చూశారు.

ఆదివారం ప్రార్థన అయిపోయాక నలుగురూ ఇంటి ముందు రేకుల నీడలో కూర్చున్నారు. సాల్మన్ మహబూబ్‌నగర్ నుంచి వచ్చాడు. అతనికి జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలన నడుస్తోంది, ఆర్డర్ ఇంకా చేతికి రాలేదు. మారెమ్మ మాంసం కూర వడ్డించింది. ఎస్తేరు పళ్లెం మీద ఊదింది.

"అక్కా, జర ఆగరాదు. నా ఆర్డర్ రానీ," అన్నాడు సాల్మన్.

"వచ్చినంక?"

"వచ్చినంక ప్రొబేషన్ ఉంటది."

"అదయినంక?"

సాల్మన్ బొక్క చప్పరించాడు. మారెమ్మ అందుకుంది. "అదయినంక పెండ్లి. పెండ్లయినంక వాని పిల్లల సర్టిఫికెట్లు. నిన్ను ఆగుమంటాండు గని, ఎన్నడు కదులుమంటడో చెప్తలేడు చూడు."

"నేనేమన్న పోవద్దన్ననా?" సాల్మన్ గొంతు లేచింది. "గా వెబ్‌సైట్ల శ్రీదేవి అని రాస్తే ఏమయితుండె? ఎస్తేరని రాయుమని ఎవలన్నరు?"

"పేరేందని అడిగిన్రు. చెప్పిన."

"పేరడిగితే పేరు చెప్తరా ఎవలన్న!"

ఏసోబుకు నవ్వు వచ్చింది. పొలమారింది. మారెమ్మ వీపు చరిచి నీళ్లిచ్చింది. దగ్గు తగ్గాక ఆయన నవ్వలేదు.

"నేనొద్దన బిడ్డా," అన్నాడు కూతురితో. "నీ రెక్కల కష్టం. నీది నువ్వు సంపాయించుకున్నవ్. నా నౌకరి ఒడుస్తాంది, నా ఫికర్ నాకు లేదు. వానిది సురువైతాంది. గెజిట్ల నీ ఒక్కదాని పేరు పడదు. నాది పడుతది. నాది పడితే వానిది పడ్డట్టే. ఎంక్వైరీకి పోలీసోళ్లు గల్లీలకొస్తరు, ఎస్తేరు ఎవలని అడుగుతరు. ఎవలని చెప్పాలె? ఎస్తేరు తెల్వదంటే నీకు వీసా లేదు. తెలుసంటే వీనికి నౌకరి లేదు. ఎదురింటి గుర్వమ్మ బిడ్డ నర్సింగ్ చదువుతాంది, గదే సర్టిఫికెట్ మీద. ఆమెను గూడ అడుగుతరు."

ఆయన ఒక్క మాటయినా గట్టిగా అని ఉంటే ఎస్తేరు ఎదురు తిరిగేది. ఏళ్ల తరబడి కాగితం కప్పులో తాగింది, గేటు దగ్గర నిలబడింది, ఎదురు తిరగడానికి కావలసినంత ఆమె దగ్గర ఉంది. తిరగబడదామంటే అక్కడ ఎవరూ లేరు. తమ్ముడు బొక్క పళ్లెంలో పెట్టి తల వంచుకున్నాడు. చిన్నప్పుడు బడికి పోయే దారిలో వాడు తన పేరు మరిచిపోయి ఏడిస్తే, సాయిలు, సాయిలు అని నూరి పోసింది తనే.

"నేను పోయొస్త," అని ఎస్తేరు లేచింది.

"యాడికి?" అంది తల్లి.

ఎస్తేరు మందిరం దగ్గరికి పోయింది. పాస్టరయ్య గుమ్మంలోనే ఉన్నాడు. సర్టిఫికెట్ ఆయన చేతిలో పెట్టింది. ఆయన ముఖంలో కలిగిన నెమ్మదిని దాచుకోవడానికి వంగి చెప్పులు సర్దుకున్నాడు. "ప్రార్థన చేస్త తల్లీ," అన్నాడు.

"ఏ పేరుతోని?" అంది ఎస్తేరు. ఆయన ఇంకా చెప్పులే సర్దుకుంటున్నాడు.

ఇంటికి వచ్చి రెండు ఉత్తరాలు పంపింది. వీసా ఆఫీసుకు: నా దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను. కింద శ్రీదేవి. హెల్గాకు: నేను రాలేను, కారణం కుటుంబం. కింద ఎస్తేరు. కారణం అనే మాట దగ్గర కొంచెం ఆగింది. మార్చలేదు.

"ఇచ్చొచ్చినవా?" అంది మారెమ్మ.

"ఇచ్చొచ్చిన."

మంచిపని అని ఎవరూ అనలేదు. సాల్మన్ సాయంత్రం బస్సుకు పోతూ అక్క దగ్గర నిలబడ్డాడు. "బస్సు పోతది, పో," అంది ఆమె.

మరునాడు పొద్దున ఎస్తేరు అదే వెబ్‌సైటులో కొత్తగా చేరింది. ఈసారి పేరు గడిలో శ్రీదేవి అని రాసింది. శ్రీదేవి పేరుతో కొన్నేళ్లు పనిచేస్తే, శ్రీదేవి పేరుతో లేఖలు వస్తాయి. అప్పుడు పాస్‌పోర్టు, లేఖలు ఒకటే మాట చెబుతాయి. నువ్వు ఇంతకుముందు చేసిన పనులు చూపించు అంది వెబ్‌సైటు. హెల్గా కుర్చీలన్నీ ఎస్తేరు చేసినవి. శ్రీదేవి చేసింది ఒక్కటీ లేదు.

ఆమె లేచి వాకిట్లోకి పోయింది. రేకుల నీడలో నిన్న తండ్రి కూర్చున్న కుర్చీ అలాగే ఉంది. మందిరం నుంచి అడిగి తెచ్చిన ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ. వెండి రంగు పెయింటుతో వెనక చేత్తో రాసి ఉంది: బేతెస్ద ప్రార్థన మందిరం, మక్తల్. వెలుతురు అటు నుంచే పడుతోంది. కుర్చీ వెనక వైపు ఫోన్‌తో ఫొటో తీసింది. లోపలికి వచ్చి లాప్‌టాప్ తెరిచింది. గోడ తీసేసింది. దండెం మీది చీర తీసేసింది. మూలన ఉన్న కోడిని తీసేసింది. కాళ్ల కింద వెంట్రుకంత నీడ మిగిలింది. కొద్దిసేపు దాన్ని చూసింది. అది ఎస్తేరు పద్ధతి. దాన్నీ తీసేసింది.

తరువాత వంగి, వెండి అక్షరాల మీద ఉఫ్ అని ఊదింది.

కదలలేదు. చెరిపేసింది.