గాజుపలక మీద బాపు

మా నాన్నను మేము బాపు అనేవాళ్లం. బాపు మడమ మీద నల్లటి మచ్చ లేచినప్పుడు నేను నల్లగొండలో ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొత్త. ఒక కణం రెండవడం, రెండు నాలుగవడం ఏటా బోర్డు మీద గీసేదాన్ని. మచ్చ ఉబ్బుతోందని ఫోన్లో వినగానే దవాఖానకు పోదామన్నాను. బాపు అన్న, మా పెద్దబాపు, అడ్డం పడ్డాడు.

ఆయన రామన్నపేట వైపు పేరున్న చేనేత పనివాడు. నూలుకు రంగు అంటకూడని చోట గట్టిగా ముడులు వేసి కట్టడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. ఆ చేత్తోనే వాడకట్టులో అందరి పులిపిర్లకూ పట్టుదారం బిగించేవాడు. రక్తం అందక అవి ఎండి రాలిపోయేవి. బాపు మడమ మీది మచ్చకూ అదే దారం కట్టాడు.

"గోటితోని పోయేదానికి గొడ్డలెందుకే? కత్తి తాకితె ఒళ్లంత పాకుతది" అన్నాడు నాతో.

అన్న మాట జవదాటడం బాపుకు పుట్టుకతోనే లేదు. మగ్గం గుంటలో కూర్చుని ఆ కాలితోనే పావళ్లు తొక్కాడు. కొన్నాళ్లకు మచ్చ ఎండి రాలింది. వాడకట్టంతా బెల్లం పంచారు. చదువుకున్నది ఉత్తగనే భయపెట్టిందని నన్ను చూసి నవ్వారు.

రాలింది పైన కనిపించేదే. లోపల ఉన్నవాటికి దారంతో పనేముంది? మామూలు కణానికి మర్యాద తెలుసు. పక్కవాళ్లు తగిలితే ఆగుతుంది. రెండయ్యే ముందు తన సరుకంతా సరిగ్గా ఉందా అని చూసుకుంటుంది, బాగు చేసుకోలేకపోతే తనంతట తానే చచ్చిపోతుంది. బాపు మడమలోది సిగ్గూ ఎగ్గూ లేని కణం. తన తప్పును తప్పుగానే రెండు చేసింది, నాలుగు చేసింది. బాపు తిన్న జొన్నరొట్టెలో మొదటి వాటా దానిదే. ఆ ఏడాది క్లాసులో ఆ పాఠం చెబుతూ పళ్లు కొరికేదాన్ని. పిల్లలు నేను వాళ్ల మీదే కోపంగా ఉన్నాననుకున్నారు.

గజ్జల్లో బిళ్లలు కట్టి మగ్గం దిగలేని స్థితి వచ్చాకే బాపును పట్నం దవాఖానకు తెచ్చుకోగలిగాను. మడమ కోశారు, బిళ్లలు తీశారు. దారం వల్ల క్యాన్సర్ రాలేదని, ఊరికే పోగొట్టుకున్న నెలల వల్లే చెయ్యి దాటిందని డాక్టరమ్మ చెప్పింది. మరుసటి ఎండాకాలం బాపు పోయాడు.

సంవత్సరీకం నాడు విస్తళ్ల ముందు కూర్చున్న చుట్టాలందరూ వింటుండగా పెద్దబాపు అన్నాడు: "కత్తి పెట్టియ్యకుండ్రి అంటె ఇన్లేదు. గా కత్తే తిన్నది మా తమ్ముణ్ని."

తలలన్నీ ఊగాయి. వడ్డిస్తున్న అమ్మ ఆగి నా వైపు చూసింది. బాపును చంపింది నేనేనా అన్నట్టుంది ఆ చూపు. ఆ రోజే అనుకున్నాను, ఈ ముసలాయన్ని ఊరికే వదలకూడదని.

కంటి ఆపరేషన్ తర్వాత చూపించుకోవడానికి ఆయన నల్లగొండ వచ్చాడు. తిరుగు బస్సుకు ఇంకా టైముందని చెప్పి మా కాలేజీ ల్యాబుకు తీసుకెళ్లాను. ఇంకో డాక్టరుకు చూపించుకోవడానికి దవాఖానవాళ్లు ఇచ్చిన గాజుపలకలు నా దగ్గరే ఉండిపోయాయి. బాపు మడమలోంచి పలచగా కోసి, రంగు పట్టించి, పలక మీద అతికించిన పొరలవి. మైక్రోస్కోపు కింద ముందు ఉల్లిగడ్డ వేరు పెట్టాను. గళ్లచీరలా ఉందని మెచ్చుకున్నాడు. తర్వాత బాపును పెట్టి, ఇది ఎవరిదో చెప్పాను.

పెద్దబాపు చాలాసేపు తల ఎత్తలేదు. ఒక్క వరుసైనా సక్కగ లేదని గొణిగాడు. తర్వాత కన్ను తీయకుండానే అడిగాడు.

"గివి ఇంక పెరుగుతున్నయా, బిడ్డా?"

రంగు పట్టించడానికి ముందే చచ్చిన కణాలవి. ఆ సంగతి పిల్లలకు చెప్పే ఉద్యోగమే నాది.

"పెరుగుతనే ఉన్నయి పెద్దబాపు. నువ్వు దవాఖానకు పోనియ్యని దినాల సంది ఆగలేదు" అన్నాను.

ఆయన స్టూలు దిగి, బస్సుకు ఇంకా టైమున్నా బస్టాండుకు బయల్దేరాడు. నాకు మాత్రం ప్రాణం హాయిగా ఉంది. తప్పని ఈరోజుకీ అనిపించదు.

ఆ తర్వాత ఆయన ఎవరికీ దారం కట్టలేదు. పెళ్లిళ్లలో, చావుల్లో ఎక్కడ కలిసినా నన్ను పక్కకు పిలిచి, ఆగినయా అని అడిగేవాడు. లేదనేదాన్ని.

పోయిన వానకాలం పక్షవాతం వచ్చి మంచాన పడ్డాడు. మాట పడిపోయింది. చూడ్డానికి పోతే నా చెయ్యి పట్టుకుని కళ్లతోనే అడిగాడు. ఆగినయ్ అని ఒక్క మాటంటే సరిపోయేది. నేను అనలేదు.