అత్తమ్మ గ్లాసుల బ్యాక్టీరియా

మొన్న నా సదువు నన్నెంత పరేషాన్ చేసిందో జర వినుండ్రి. నడి గల్లీల నిలబడి గిన్నెడు పెరుగు తిన్న!

నేను తొర్రూరుల ఇంటర్ పిల్లలకు బాటనీ చెప్త. మా అత్తమ్మ జరమొచ్చి లేసినంక బువ్వ సరిగ తింటలేదు. ఆడబిడ్డ స్పిరులినా పొడి పంపింది. రోజు పొద్దుగాల మజ్జిగల కలుపుకొని తాగుడు మొదలువెట్టినంక మొఖం తేటగైంది. మేమంత ఖుషీ.

పక్కింటి యాదమ్మక్క వచ్చి అడిగింది, "గా పచ్చగున్నదేంది పెద్దమ్మా?"

"నాచు పొడి బిడ్డా."

నేను ఊకుంటనా? "నాచు గాదత్తమ్మా! ఎనకట శాస్త్రవేత్తలు నాచుల జాతిలనే లెక్కవెట్టిండ్రు గని, గిది సైనోబ్యాక్టీరియా. కణంల కేంద్రకమే ఉండది. పేరు గూడ మారింది. ముందుగాల స్పిరులినా, తర్వాత ఆర్థ్రోస్పైరా, ఇప్పుడు లిమ్నోస్పైరా."

అత్తమ్మ గ్లాసు కింద పెట్టింది. "బ్యాక్టీరియా అంటే దవాఖానల చెప్పిన పురుగే గదా? నాకు జరం తెచ్చింది?"

"అన్నీ గట్ల ఉండయి..."

"ఊకె పేరు మార్చుకుంట తిరిగేది మంచిదెట్లయితది?"

తాగుడు బంద్. సముదాయిద్దామని ఇంకింత చెడగొట్టిన. "పెరుగుల గూడ బ్యాక్టీరియానే ఉంటది, రోజు తింటలేమా?"

పెరుగు గూడ బంద్!

తెల్లారి పెరుగమ్మే లచ్చవ్వ గేటు కాడ నిలబడ్డది. "ఏం టీచరమ్మా, నా పెరుగుల పురుగులున్నయన్నవట? గీ గల్లీల ఒక్కలు కొంటలేరు!"

యాదమ్మక్క అందరికి చెప్పేసింది. నాకు తల కొట్టేసినట్టయింది. గిన్నె తెచ్చి, లచ్చవ్వ తోని నిండ పోయించుకొని, అందరు చూస్తుండంగ ఆడనే తిన్న. "పాలను తోడేసేటియే గవి. గవి లేకుంటే పెరుగే లేదు!" అని ఒర్రిన.

యాదమ్మక్క నవ్వుకుంట తన గిన్నె తెచ్చింది. లచ్చవ్వ కుండ ఖాళీ అయింది. అరుగు మీదికెళ్ళి అత్తమ్మ, "తోడు లాంటిదని ముందే చెప్పరాదు మరి?" అన్నది.

మర్నాడు మల్ల గ్లాసు పట్టుకున్నది. హమ్మయ్య అనుకున్న. గోడ అవతలి నుంచి ఎవరో ఏందని అడిగిండ్రు.

"నాచు పొడి," అన్నది అత్తమ్మ. "మా కోడలు కాలేజీల చెట్ల పాఠాలు చెప్తది గని, పాపం, నాచును గుర్తువట్టరాదు!"

నేను నోరు మూసుకొని గిన్నెలు తోముకున్న.