మావిస్ హాజరు పిలిచిన శనివారం

మా బ్రాక్‌షా ఊళ్ళో ఒక పెళ్ళిని ఫుట్‌బాల్ మైదానం లౌడ్‌స్పీకరు ఆపేసింది. పాదిరిగారు తలెత్తి, "ఈ పెళ్ళికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి, లేదా ఇక ఎప్పటికీ మాట్లాడకండి" అన్నారు. అంతలో ఆకాశంలోంచి ఒక ఆడగొంతు దిగింది: "గ్లెన్ హోర్స్‌ఫాల్, గైర్హాజరు. కారణం, పెళ్ళి. కారణం చెల్లదు."

సరే, కొంచెం తగ్గిస్తాను. అభ్యంతరాల ఘట్టం అప్పటికే అయిపోయింది. ఉంగరాలు కూడా తొడిగేశారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే, పెళ్ళివారంతా చర్చి మెట్ల మీద ఫోటోకి నిలబడి ఉన్నారు. కాని గొంతు మాత్రం దిగింది, ఆ మాటలే అంది. మిగతా కథలో నేను ఎక్కడెక్కడ కోతలు కోశానో మీరే పట్టుకోండి.

ఆ గొంతు మావిస్ క్రాబ్‌ట్రీది.

మావిస్ పుట్టిన ఇల్లు మా మైదానం వెనక గోడకు ఆనుకునే ఉంటుంది. వాళ్ళ నాన్న ఆ గడ్డికి రోలరు లాగేవాడు. గోలు తప్పిన బంతులు వాళ్ళ వంటింటి కిటికీలోంచి లోపలికి వచ్చేవి. ఆటగాళ్ళు బంతి కోసం గోడెక్కితే ఆరేళ్ళ మావిస్ బంతి మీద కూర్చుని, "ముందు సారీ చెప్పు" అనేదట. ఇది నేను చూడలేదు, కాని నమ్ముతాను. ఎందుకంటే ఆ వయసులోనే కాన్వెంటులో ఆమె నా పక్క బెంచీ. మా ఇద్దరికీ సిస్టర్ బొనవెంచర్ హాజరు పిలిచేది. రానివాడు మర్నాడు లేచి నిలబడి కారణం చెప్పాలి. సిస్టర్ కళ్ళజోడు పైనుంచి చూసి, "కారణం చెల్లదు" అనేది. నాకు తట్టు పోసినప్పుడు కూడా చెల్లలేదు.

పెద్దయ్యాక మావిస్ బస్సు కండక్టరయింది. కొండ మీది ఇళ్ళ దాకా వెళ్ళే బస్సు అది. ఆ రోజుల్లో ఆమె కింది అంతస్తులో "పట్టుకోండి!" అంటే పైఅంతస్తులో నిద్రపోతున్నవాడు కూడా లేచి కడ్డీ పట్టుకునేవాడు. ఎవరు ఎక్కడ ఎక్కుతారో, ఎవరి మోకాలు ఎప్పుడు సలుపుతుందో ఆమెకు తెలుసు. తర్వాత డ్రైవరే టికెట్లు కొట్టే బస్సులొచ్చాయి. మావిస్‌కి ఒక పూలగుత్తి ఇచ్చి ఇంటికి పంపారు. అంత గొంతూ ఒక వంటింట్లో పట్టదు కదా. మైదానంలో జనం కూర్చునే చెక్క స్టాండు కప్పు కింద కోళ్ళగూడంత గది ఒకటుంది. అందులో ఒక మైకు. శనివారం శనివారం ఆటగాళ్ళ పేర్లు చదివే పని ఖాళీగా ఉంటే మావిస్ వెళ్ళి కూర్చుంది. మైకు తీగలు కలిపే పని నాది. చదవడం ఆమెది. ఆ గూడు ఆమెకు రెండో బస్సయింది.

కాని బస్సులో జనం ఏరీ? పెద్ద నగరాల ఆటలన్నీ టీవీలో వస్తున్నాయి. శనివారం మధ్యాహ్నం మగాళ్ళు భార్యల వెనక బండ్లు తోస్తూ సూపర్‌మార్కెట్లలో తిరుగుతున్నారు. వాన పడిన రోజున మా మైదానంలో ప్రేక్షకులకన్నా కాకులు ఎక్కువ. కాకులు కూడా సగం ఆటకే లేచిపోయేవి.

అప్పుడే మా క్లబ్బు అధ్యక్షుడు డెరిక్ అకరాయిడ్ సమావేశం పెట్టాడు. తివాచీల దుకాణం మనిషి. ఏది చూసినా ముందు టేపు తీసి కొలుస్తాడు.

"ఓకెన్‌రాయిడ్ క్లబ్బుతో కలిసిపోదాం," అన్నాడు. "ఆటలు వాళ్ళ మైదానంలో. మనదానికి తాళం. పేరు మాత్రం ఇద్దరిదీ ఉంటుంది."

"ఎవరి పేరు ముందు?" అంది మావిస్.

"అది... ఏబీసీడీల వరస చూడకూడదన్నారు వాళ్ళు."

గదిలో అందరూ ఒక్కసారి దగ్గారు. ఓకెన్‌రాయిడ్ అంటే కొండకి అవతలి ఊరు. మా తాతలు అక్కడి పిల్లనిచ్చినా చేసుకోలేదు, అక్కడి బంగాళాదుంప కొనలేదు.

"డెరిక్, ఏం చేస్తే ఈ మాట వెనక్కి తీసుకుంటావు?"

"నాకేం సరదానా మావిస్? మా నాన్న కొట్టిన మేకులు ఇంకా ఆ స్టాండులో ఉన్నాయి. కానీ ఖాళీ బల్లలకి ఎన్నాళ్ళు ఆడతాం? సీజన్ చివరి ఆటకి ఆ స్టాండు నిండనీ. మూల బల్ల దగ్గర్నుంచి, కప్పు కారే చోటుతో సహా. నిండితే విలీనం మాట మళ్ళీ ఎత్తను. నిండకపోతే నువ్వు కూడా ఎదురు చెప్పకూడదు."

"సరే," అంది మావిస్. ఆ స్టాండు నిండగా నేను చివరిసారి చూసినప్పుడు నా తల మీద జుట్టుండేది.

ఆ వారం ఓకెన్‌రాయిడ్ వాడొకడు మా బారులోకి వచ్చి, చేతిలో బీరు పట్టుకుని, ఆమె వినేలాగే వెటకారమాడాడు. "ఏమమ్మా, మీ దగ్గర ఆటగాళ్ళ పేర్లు జనానికి చదవరటగా? జనం పేర్లే ఆటగాళ్ళకి చదువుతారట!"

పాత జోకే. మా ప్రాంతపు చిన్న క్లబ్బులన్నిటి మీదా ఉన్నదే. అందరం తల దించుకున్నాం. మావిస్ మాత్రం గ్లాసు కింద పెట్టి, "మంచి ఆలోచన నాయనా. నీ పేరేంటి?" అంది.

ఆ శనివారం మైకు ముందు కూర్చుని, ఆటగాళ్ళ సంగతి పక్కన పెట్టి, కిటికీలోంచి చూస్తూ మొదలుపెట్టింది.

"ఫ్రాంక్ బటర్‌వర్త్, హాజరు. కొత్త టోపీ. బావుంది ఫ్రాంక్. స్టాన్లీ గ్రీన్‌వుడ్, గైర్హాజరు. నడుం నొప్పి అని కబురు పెట్టాడు. ఇదే నడుముతో పొద్దున నిచ్చెనెక్కి కిటికీలు తుడిచాడు. కారణం చెల్లదు."

కప్పు మీది లౌడ్‌స్పీకరు బాకా అంతకుముందు మైదానం వైపు చూసేది. ఆ రోజు ఊరి వైపు చూస్తోంది. గాలికి తిరిగిందంది మావిస్. ఆ గాలి దగ్గర ఒక పానా, ఒక నిచ్చెన ఉండి ఉండాలి.

ఊరంతా వింది. స్టాన్లీ భార్య అయితే వంటింట్లోంచే వింది. సగం ఆట కాకుండానే స్టాన్లీ కోటు బొత్తాలు పెట్టుకుంటూ వచ్చి గూటి కింద నిలబడ్డాడు.

"మావిస్! నా నడుం సంగతి ఊరందరికీ చెప్తావా?"

"ఊరందరికీ చెప్పలేదు స్టాన్లీ. వచ్చినవాళ్ళకి చెప్పాను. మిగతావాళ్ళు విన్నారు."

"మా ఆవిడ ఏమందో తెలుసా? కూరగాయల తోట కూడా తవ్వమంది!"

"కూర్చో నాయనా. రెండో సగానికి హాజరు వేస్తాను."

తర్వాతి శనివారం స్టాన్లీ తనతో బావమరిదిని తెచ్చాడు, తను ఒక్కడే ఎందుకు పడాలని. రాని వాళ్ళు తమ పేరు వినపడుతుందేమోనని కిటికీలు మూసుకున్నారు. మూసుకున్న కిటికీల పేర్లు కూడా చదివింది. వచ్చినవాళ్ళకేమో తమ పేరు గాల్లో మోగుతుంటే ఛాతీ రెండంగుళాలు పెరిగేది. ఒక పెద్దావిడ సంచీతో సహా వచ్చి నిలదీసింది కూడా. "వీధిలో అందరినీ చదువుతున్నావు, నన్నెందుకు చదవవు? నేను ఒక్కసారి కూడా రాలేదనేగా?"

"ఒకసారి వస్తేనే కదమ్మా, రాలేదని చదవగలను."

ఆవిడ ఆ రోజు నుంచి ఒక్క ఆట మానలేదు. డెరిక్ మాత్రం గొణిగాడు.

"ఇది ఫుట్‌బాల్ మైదానమా, బడా?"

"బడికైతే జనం వస్తారు డెరిక్. ముందు బడి కానీ."

అలా స్టాండు బల్ల బల్లగా నిండుతూ వచ్చింది. చివరి ఆట దగ్గరపడింది. అప్పుడు పడింది పిడుగు.

గ్లెన్ హోర్స్‌ఫాల్‌కి పెళ్ళి. గ్లెన్ అంటే మా గోలు వెనక పాటలందుకునేవాడు. వాడి స్నేహితులూ, వాళ్ళ తమ్ముళ్ళూ, మేనమామలూ కలిస్తే స్టాండులో సగం. ఆ సగమంతా పెళ్ళికి పిలిచినవాళ్ళే. ముహూర్తం పెట్టింది పెళ్ళికూతురి తల్లి మిసెస్ డైసన్. ఫుట్‌బాల్ తెలిసినవాళ్ళెవరూ సీజన్ ఇంకా ముగియని ఏప్రిల్‌లో పెళ్ళి పెట్టరు. మా ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ జూన్‌లో, తొలిచూలు పిల్లలంతా మార్చిలో. ఆవిడకి ఇవేమీ తెలియవు. పెట్టింది, సరిగ్గా చివరి ఆట రోజున, మైదానం వీధి చివర ఉన్న చర్చిలో.

ఆ శనివారం ఎండ కాసింది. నేను తీగలు కలిపి చూసేసరికి మావిస్ కిటికీ దగ్గర ఊరికే కూర్చుంది. కింద స్టాండు పళ్ళూడిన నోరులా ఉంది. డెరిక్ ముందు వరసలో తన కుర్చీలో కూర్చుని తల తిప్పి తిప్పి చూస్తున్నాడు. సంతోషంగా ఏమీ లేడు.

"వాల్టర్," అంది నాతో. "ఒకసారి పూలగుత్తి ఇచ్చి దింపేశారు. ఇవాళ నిండకపోతే వచ్చే ఏడు ఈ గూట్లో పావురాలే ఉంటాయి. అవేం చదువుతాయి?"

"చదివెయ్యి మరి," అన్నాను.

మైకు దగ్గరికి లాక్కుంది. ఒక్కొక్క పేరూ చదివింది, గ్లెన్ స్నేహితులందరినీ, తమ్ముళ్ళనీ, మామలనీ. గైర్హాజరు, గైర్హాజరు. ఆఖరికి గ్లెన్‌ని చదివింది. కారణం చెల్లదంది. అక్కడితో ఆగితే ఆమె మావిస్ ఎందుకవుతుంది?

"మిసెస్ జానిస్ హోర్స్‌ఫాల్," అంది. "ఇవాళ్టి నుంచి ఆ ఇంటి మనిషి కాబట్టి మన మనిషే. గైర్హాజరు."

చర్చి మెట్ల మీద ఏం జరిగిందో నేను చూడలేదు. అక్కడున్న పదిమంది పది రకాలుగా చెప్పారు. వాటిలో బాగున్నది చెబుతున్నాను. గ్లెన్ ముఖం యజమాని ఈల విన్న కుక్కలా అయిందట. ఫోటో తీసేవాడు "నవ్వండి" అంటున్నాడట. పెళ్ళికూతురు మాత్రం పూలచెండు కిందికి దించింది.

"నా పేరు కూడా చదివిందా?"

"చదివింది," అన్నాడు గ్లెన్ భయంగా.

"పెళ్ళై పావుగంట కాలేదు. అప్పుడే ఊరి ముందు నేను గైర్హాజరా?"

"జానిస్!" అంది మిసెస్ డైసన్. "హాల్లో శాండ్‌విచ్‌లు ఎండిపోతాయే!"

"ఎండితే టీలో ముంచుకు తిందాం. గ్లెన్, దారి చూపించు."

తెల్లగౌను కుచ్చెళ్ళు మోచేతి మీద వేసుకుని ఆ పిల్ల ముందు నడిచింది. వెనక గ్లెన్, తోడిపెళ్ళికూతుళ్ళు, ఆర్గాను వాయించే ఆయన, టోపీ పట్టుకుని మిసెస్ డైసన్, ఎలాగూ తన దారి అదేనంటూ పాదిరిగారు. పెళ్ళి ఊరేగింపు వెళుతుంటే ఇంట్లో కూర్చునేదెవరు? ఏప్రనులతో ఆడవాళ్ళు, ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే మగాళ్ళు వీధిలోకి వచ్చి వెనక కలిశారు. గేటు దగ్గరి ముసలాయన పెళ్ళికూతురిని టికెట్ అడగొచ్చా అని ఆలోచిస్తుండగానే అందరూ లోపలున్నారు. ఆట అప్పుడే మొదలైంది. మా గోల్‌కీపరు పెద్దమనిషి. పెళ్ళికూతురిని చూసి టోపీ తీసి వంగి నమస్కరించాడు. ఆ మర్యాదకి మాకు ఒక గోలు పడింది.

డెరిక్ లేచి నిలబడ్డాడు. వేలు చాపి బల్ల బల్లా చూసుకుంటూ వెళ్ళాడు. మూల బల్ల నిండింది. కప్పు కారే చోట పాదిరిగారు కూర్చున్నారు. పై వరస నిండింది. కింది వరస కూడా నిండింది, ఒక్కచోటు తప్ప. అది డెరిక్ కుర్చీయే. అధ్యక్షుల వారు లెక్క చూసుకుంటూ అటు తిరగగానే మిసెస్ డైసన్ వచ్చి, టోపీ సర్దుకుని, అందులో కూర్చుంది.

"అమ్మా, అది నా కుర్చీ," అన్నాడు డెరిక్.

"నా కూతురి పెళ్ళి బాబూ ఇవాళ," అంది ఆవిడ. ఆ మాటకి ఏ కోర్టులోనూ జవాబు లేదు.

పైనుంచి గొంతు దిగింది, అప్పుడే తేనె తాగినట్టు. "మిసెస్ జానిస్ హోర్స్‌ఫాల్, హాజరు. డెరిక్ అకరాయిడ్, హాజరు. కూర్చోడానికి చోటు లేదు."

స్టాండంతా ఒక్క అరుపు. డెరిక్ వాళ్ళ నాన్న కొట్టిన మేకులు కూడా కదిలి ఉంటాయి. డెరిక్ జేబులోంచి రుమాలు తీశాడు. నవ్వాపుకోడానికేనని తర్వాత అన్నాడు. ఆట అయ్యేదాకా నిలబడే చూశాడు. అయ్యాక గూటి మెట్లెక్కి వచ్చి గుమ్మంలో ఆగాడు.

"ఓకెన్‌రాయిడ్ వాళ్ళకి రేపు ఫోన్ చేస్తాను," అన్నాడు.

"ఏమని?"

"మాకు చోటు లేదని."

మావిస్ మైకు మూతి రెండు చేతులతో మూసి పట్టుకుంది, ఊరికి ఏమీ వినపడకుండా.

ఆ రోజు ఆట ఓడిపోయాం. ఎంత తేడాతోనని అడక్కండి. ఆ రోజు మా ఊళ్ళో ఒక్కరూ అడగలేదు. పెద్ద నగరాల మైదానాల్లో నలభై వేలమంది కూర్చుంటారు. నేనూ వెళ్ళి చూశాను. ఎదుటివాడి మెడ తప్ప ఏమీ కనపడలేదు. ఆ నలభై వేలలో ఒకడు జ్వరమొచ్చి రాకపోతే ఎవరికి తెలుస్తుంది? మా బ్రాక్‌షాలో తెలుస్తుంది. ఆట మొదలయ్యే మూడు గంటలకల్లా కొండ మీది గొర్రెలకి కూడా తెలుస్తుంది.

మా క్లబ్బు ఈ ఏడు ఒక చిన్న పుస్తకం వేస్తోంది. మావిస్ గురించి రాసే పని నాకు అప్పగించారు, నిజాలే రాయమని మరీ మరీ చెప్పి. రాసినంతా తీసుకెళ్ళి ఆమెకే ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, పెదవులు కదుపుతూ మొదటి నుంచి చివరి దాకా చదివింది. తర్వాత కాగితాలు నా ఒళ్ళో పెట్టింది.

"ఇందులో ఒక్క ముక్క నిజం లేదు," అంది.

"ఏ ముక్క కాదంటావు?"

"మొత్తం. నేనెవర్నీ పేరు పెట్టి పిలవలేదు. ఏ పెళ్ళివాళ్ళూ రాలేదు. అయినా మన బ్రాక్‌షా స్టాండుకి జనం ఎప్పుడు తక్కువయ్యారు వాల్టర్?"