పెదనాయన తువ్వాలు

ఇక మాటల్లేవని చెప్పడానికి మా పెదనాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకునేవాడు. దేవరకొండ చెలకలో బోరు నీళ్ల కాడ మా నాయినతో తగాదా అయిన రోజూ అలాగే దులిపాడు. మళ్లీ తమ్ముణ్ణి పలకరించలేదు.

నాయనమ్మ పోయిన మూడో రోజు పిట్టకు పెట్టి అందరం నిలబడ్డాం. పిట్ట ముట్టందే ఎవరూ తినకూడదు. కాకి దగ్గరికే రాలేదు.

"అవ్వ పాణమంత కొడుకుల మీదనే ఉన్నది. కలిసుంటమని మాటియ్యుండ్రి," అన్నది మేనత్త.

ఎండకో, ఆకలికో, పెదనాయన మా నాయిన చెయ్యి పట్టుకున్నాడు. "కలిసే ఉంటమే అవ్వా, జర ముట్టవే!"

నాయిన వెక్కివెక్కి ఏడ్చాడు. కాకి దిగి మెతుకు ముట్టింది.

"ముట్టింది గదా, ఇగ నడువుండ్రి," అంటూ పెదనాయన ఆ చెయ్యి వదిలేసి తువ్వాలు దులిపాడు. ఆ విసురుకు కాకి బెదిరి లేచిపోయింది.